తల కప్పని శవం

సమాధి తవ్వడానికి ఒప్పుకున్న ఇద్దరు మనుషులూ ఒకే ఒక్క షరతు పెట్టారు. మధ్యాహ్నం ఊళ్ళోకి ఆకు బండి వచ్చే వేళకి తాము ఇంటి దగ్గరుండాలి. జిబూటీలో ఆ వేళ దాటాక మనిషన్నవాడు పనికి దొరకడు. దవడన మత్తెక్కించే ఖాత్ ఆకు పెట్టుకుని గోడకి చేరగిలబడ్డాడంటే మళ్ళీ పొద్దుగూకాకే లేవడం. అందుకని ఎండ ముదరకముందే ప్రాసిక్యూటర్ సంతకం చేసిన కాగితం పట్టుకుని ఖబరస్తాన్‌కి చేరాను.

కెప్టెన్ రోబ్లె అప్పటికే గేటుకి అడ్డంగా నిలబడి ఉన్నాడు. సైనిక పోలీసు. పైవరసలో ఒక పన్ను బంగారంది. మావాళ్ళలో మారుపేరు లేని మనిషి ఉండడు కాబట్టి ఊరంతా అతన్ని బంగారుపన్ను అంటారు, ఎదురుగా ఉన్నప్పుడు కూడా. అతనూ పలుకుతాడు.

"ఆడవాళ్ళు ఖబరస్తాన్‌లో అడుగు పెట్టరు హోదాన్. మీ అమ్మ చెప్పలేదా?" అన్నాడు.

"చెప్పింది. మొగుడు పోయిన మనిషిని ఏడవనివ్వకుండా సెల్లో పెట్టకూడదని మీ అమ్మ చెప్పలేదా?"

పన్ను కనబడేలా నవ్వి పక్కకి తప్పుకున్నాడు. నేను పోలీసు దర్యాప్తు అధికారినైనా, ప్రాసిక్యూటర్ కాగితం లేకపోతే తప్పుకునే రకం కాదు.

పోయినవాడు బహ్దోన్ ఎల్మీ. హజ్ యాత్రా, మత వ్యవహారాలూ చూసే మంత్రిత్వ శాఖలో పెద్ద అధికారి. నిన్న సాయంత్రం జెద్దాకి ఎగిరిన ఆఖరి విమానంలో యాత్రికుల బృందానికి అతనే నాయకుడు కావలసింది. నిన్న మధ్యాహ్నం చచ్చిపోయాడు. సాయంత్రపు అసర్ నమాజు కాగానే పూడ్చిపెట్టారు. దీపాలు పెట్టే వేళకి రోబ్లె అతని భార్య అంబారోని తీసుకుపోయి తన బారక్‌లో పడేశాడు. టీలో విషం కలిపిందట. ఆ విషాన్ని చూసినవాడు లేడు, శవాన్ని చూసిన డాక్టరు అంతకన్నా లేడు. ఈ సాయంత్రం ఆవిడని జడ్జి ముందు నిలబెడతానని రోబ్లె ఇప్పటికే ప్రకటించేశాడు. అది జరిగితే కేసు నా చేతిలోంచి జారిపోతుంది, ఆవిడ బతుకు తెల్లారిపోతుంది.

రోబ్లె బలమంతా రెండు సాక్ష్యాల మీద ఉంది. మొదటిది షిర్దోన్‌ది. అతను అంబారోకి సొంత తమ్ముడు, బావ చలవతో శాఖలో డ్రైవరుగా చేరినవాడు. అతను చెప్పిందేమిటంటే, ఊరంతా ఆకు నములుతున్న వేళ బావని ఇంటి దగ్గర కారెక్కించుకున్నాడు. అక్క ఇచ్చిన టీ తాగి బయలుదేరిన బావ దారిలోనే కడుపు పట్టుకుని ఒరిగిపోయాడు. యాత్రికుల శిబిరం చేరకుండానే ప్రాణం పోయింది. ఉదయం అక్కాబావా గొడవపడిన సంగతి కూడా అడక్కుండానే చెప్పాడు. ఇంత చెప్పినవాణ్ణి కాసేపు కూర్చోబెట్టాలని రోబ్లెకి తోచలేదు. అలీ సబియేలో ఉన్న బంధువులకి కబురు చెప్పి వస్తానంటే సరే వెళ్ళమన్నాడు.

రెండోది షేక్ దిరియె మాట. శిబిరంలో యాత్రికులకి అన్ని విధులూ దగ్గరుండి చేయించే పెద్దాయన ఆయనే. బహ్దోన్ నిన్న శిబిరం గడపే తొక్కలేదని ఆయన చెప్పాడు. శవానికి స్నానం చేయించి కఫన్ గుడ్డ చుట్టింది కూడా ఆయనే. షేక్ దిరియె మాటంటే ఈ ఊళ్ళో ఎదురు ప్రశ్న వెయ్యరు.

పొద్దున నేను అంబారోతో మాట్లాడాను. గొడవ పడిన మాట నిజమే అంది. తమ్ముణ్ణి కూడా బృందంలో చేర్చమని ఆరు నెలలుగా మొగుణ్ణి పోరుతోందట. జెద్దాలో దిగితే ఏదో పని వెతుక్కుంటాడు, ఇక్కడ స్టీరింగు తిప్పుతూ ముసలాడైపోతాడు అన్నది ఆవిడ వాదన. తిరిగి రానివాడి కోసం ఇరవయ్యేళ్ళుగా కాచుకున్న ముసలాళ్ళ సీటు లాక్కోనని బహ్దోన్ ఖరాఖండీగా చెప్పేశాడు. టీ ఇచ్చిన మాటా నిజమే. అయితే అది పొద్దున్న. అతను టీ తాగి, తెల్లబట్టల మూట చంకన పెట్టుకుని, పొద్దెక్కకముందే టాక్సీలో వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం షిర్దోన్ అతన్ని దుప్పట్లో చుట్టి తెచ్చాడు. వీధిలో పిల్లి కూడా లేదు.

మొత్తానికి తేలాల్సింది ఒక్కటే. బహ్దోన్ శిబిరానికి చేరాడా, లేదా? చేరితే టీకీ చావుకీ సంబంధం లేదు. చేరాడని చెప్పగలిగిన యాత్రికులందరూ నిన్న సాయంత్రమే విమానం ఎక్కేశారు.

మతపెద్ద సాక్షిగా ఉండాలని షేక్ దిరియెనే పిలిపించాను. ఆయన వచ్చాడు కానీ గోతి దగ్గరికి రాలేదు. గోడనీడలో నిలబడి జపమాల తిప్పుతున్నాడు. పాతిపెట్టిన మనిషిని పైకి తియ్యడం మహాపాపమని రోబ్లె నాకు వినబడేలా ఆయనతో అన్నాడు. ఆయన అవుననలేదు, కాదనలేదు. నాకు అదే వింతగా అనిపించింది. అలాంటి మాట ముందుగా ఆయన నోటి నుంచి రావాలి.

మట్టి తీశారు. రాతిపలకలు ఒక్కొక్కటే పైకి అందించారు. గోతిలోకి దిగినవాడు గొణుక్కుంటూ చదువుతున్న దువా మధ్యలో ఆపేశాడు. నేను అంచున మోకాళ్ళ మీద కూర్చుని వంగి చూశాను. చాలా శవాలు చూశాను గానీ సమాధిలో ఇలాంటిది చూడలేదు. బహ్దోన్ ఎల్మీ ముఖం నేరుగా కనబడుతోంది. కుడివైపుకి ఒత్తిగిలి, మక్కా వైపు తిరిగి, నెరిసిన జుట్టు కనబడుతూ, తల మీద గుడ్డ లేకుండా పడుకుని ఉన్నాడు.

మాలో మగవాడికి మూడు గుడ్డలు చుడతారు. తల నుంచి కాళ్ళ దాకా వెంట్రుక కూడా కనబడదు. కర్పూరం దట్టిస్తారు, అత్తరు పూస్తారు. ఇతని ఒంటి మీద ఉన్నవి రెండే గుడ్డలు, అవీ అంచు నేసిన మందపాటి తువ్వాళ్ళలాంటివి. ముక్కు మూసుకోకుండా ఇంకా కిందికి వంగాను. చావు వాసన ఉంది. కర్పూరం వాసన లేదు, అత్తరు జాడే లేదు.

రోబ్లె కూడా వంగి చూసి, చూడనట్టు లేచాడు. అవి అతను హజ్‌కి కొనుక్కున్న బట్టలేనని, ఎంతోమంది వాటినే కఫన్‌గా దాచుకుంటారని అన్నాడు. ఆ మాట నిజమే, నేనూ ఒప్పుకున్నాను.

"మరి తల?" అన్నాను.

"తొందరలో చుట్టారు. గుడ్డ జారి ఉంటుంది."

"మెడ దగ్గర ముడి చూడు కెప్టెన్. జారిన గుడ్డకి ఇంత పొందికగా ముడి పడదు. నువ్వు మదరసా ఎగ్గొట్టి ఎక్కడ తిరిగావో గానీ, నేను మా పంతులు బెత్తం కింద అన్నీ నేర్చుకున్నాను."

అతనికి తెలియదని కాదు. ఆ రెండు తెల్లబట్టలూ కట్టి, యాత్ర సంకల్పం చెప్పుకుని, వచ్చాను దేవా, నీ పిలుపుకి వచ్చానని 'లబ్బైక్' పలికాక మగవాడు తలమీద టోపీ కూడా పెట్టడు. సువాసన దగ్గరికి రానివ్వడు. ఆ దీక్షలో ఉండగా పోయినవాణ్ణి ఆ బట్టల్లోనే, అత్తరు లేకుండా, తల కప్పకుండా పూడుస్తారు. ఎందుకంటే తీర్పు రోజున అతను లబ్బైక్ అంటూనే లేస్తాడు. ఇది మాకు ఉగ్గుపాలతో చెప్పే సంగతి. బట్టలు ఇంట్లో కూడా కట్టుకోవచ్చు. కానీ మావాళ్ళ బృందాలు సంకల్పం చెప్పుకునేది శిబిరంలో, మధ్యాహ్నపు జొహర్ నమాజు అయ్యాక, అందరూ కలిసి, షేక్ దిరియె చెప్పిస్తుంటే.

ఇంకొకటి కూడా కనబడింది. నడినెత్తిన, జుట్టు మధ్య, బొటనవేలంత పొడుగున చీలిన గాయం. కడిగి ఉంది గానీ ఎముక దిగబడటం తెలుస్తోంది. మామూలుగా తల చుట్టేసి ఉంటే ఆ గాయం ప్రపంచానికి కనబడేదే కాదు. కడిగినవాడికి దాన్ని దాచుకునే దారి చేతిలోనే ఉంది, అయినా దాచలేదు. దాచే ధైర్యం చాల్లేదు అనాలేమో. నేను లేచి గోడనీడలోకి వెళ్ళాను.

షేక్ దిరియె నా వైపు చూడలేదు. ఆయన వేళ్ళు జపమాల మీద ఆగిపోయి ఉన్నాయి. నాకు చిన్నప్పుడు అక్షరాలు దిద్దించిన పంతులు వయసు మనిషి. గద్దించబుద్ధి కాలేదు. పక్కనే రాయి మీద కూర్చున్నాను.

"షేక్ గారూ, మీరు తల ఎందుకు కప్పలేదు?"

రోబ్లె వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. అప్పుడు ముసలాయన మొహం కడుక్కున్నట్టు రెండు చేతులతో తుడుచుకున్నాడు.

"నీకు అబద్ధం చెప్పాను తల్లీ. ఈ కెప్టెన్‌కీ చెప్పాను. మనుషులు కదా, చెప్పగలిగాను. అతను నా పక్కన నిలబడి లబ్బైక్ అన్నాడు. నా చెవులతో విన్నాను. ఆ తల కప్పి పంపిస్తే, రేపు లేచినప్పుడు నా పేరు చెప్తాడు కదమ్మా."

రోబ్లె బంగారుపన్ను కనబడని క్షణం నేను చూడటం అదే మొదటిసారి.

మిగతాది ఆయన ఆగి ఆగి చెప్పాడు. సంకల్పం అయ్యాక యాత్రికుల్ని బస్సులెక్కిస్తున్నారు. బహ్దోన్ నమాజుకి ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే వుజూ కుళాయిల వెనక షిర్దోన్‌తో ఏదో గట్టిగా మాట్లాడుతున్నాడు. షేక్ బస్సుల దగ్గరుండగా ఏదో పడ్డ చప్పుడైంది. వెళ్ళి చూసేసరికి షిర్దోన్ బావ తల ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తున్నాడు. తడిరాయి మీద కాలు జారాడు, ఇప్పుడు బయటపెడితే పోలీసులొస్తారు, శిబిరం మూసేస్తారు, ఆఖరి విమానం ఆగిపోతుంది, ఈ ముసలాళ్ళందరూ ఇంటిదారి పడతారు అని కాళ్ళు పట్టుకున్నాడు. షేక్‌కి అది నిజమనిపించింది. వాళ్ళలో వచ్చే ఏడు దాకా బతికేవాళ్ళు ఎందరు? అందుకని శిబిరానికి రాకముందే పోయాడని చెప్పడానికి ఒప్పుకున్నాడు. గుండె ఆగి పోయాడని చెప్తారనుకున్నాడట. విషమనీ, అంబారో అనీ మాట పుడుతుందని కలలో కూడా అనుకోలేదు. తెలిశాక రాత్రంతా కంటిమీద కునుకు లేదు, పొద్దున నేను పిలిచేదాకా ఇల్లు కదిలే ధైర్యమూ లేదు.

"నాయకుడి సంచిలో అందరి పాస్‌పోర్టులూ ఉంటాయి కదా, అదేమైంది?" అని అడిగాను.

ఎయిర్‌పోర్టులో ఇచ్చేస్తానని షిర్దోన్ తీసుకున్నాడని చెప్పాడు.

కాలు జారినవాడికి తల వెనక తగులుతుంది, లేదా పక్కన తగులుతుంది. నడినెత్తిన తగలదు. ఆ మాట గొంతు దాకా వచ్చింది గానీ మింగేశాను. ముందు ఆ ఆడమనిషి బయటికి రావాలి, తమ్ముడి సంగతి తర్వాత.

తవ్వినవాళ్ళు బహ్దోన్‌ని ఎలా ఉన్నవాణ్ణి అలాగే పడుకోబెట్టి మళ్ళీ పలకలు పేర్చారు. ఈసారి షేక్ దిరియె గోతి అంచున నిలబడి పైకే ఏడ్చాడు.

బారక్‌లో రోబ్లె తన కుర్చీలో కూర్చోగానే పాత రోబ్లె అయిపోయాడు. నిన్న ఒక మాట, ఇవాళ ఒక మాట చెప్పిన మనిషి సాక్ష్యం ఏ జడ్జి వింటాడని అడిగాడు. బహ్దోన్‌ని శిబిరంలో కళ్ళారా చూసినవాణ్ణి ఇంకొకణ్ణి తెమ్మన్నాడు.

"అందరూ జెద్దాలో ఉన్నారు," అన్నాను.

"అది నీ దురదృష్టం చెల్లెమ్మా."

"జెద్దాలో మన యాత్రికుల్ని చూసుకునే హజ్ మిషన్‌కి ఫోన్ ఉంది, కెప్టెన్. నీ బల్ల మీదా ఒకటుంది. అది ఆకు తెప్పించుకోవడానికే అనుకున్నావా?"

కలపమని ఆపరేటరుకి చెప్పాడు. లైన్ దొరికేలోగా అంబారోని తీసుకొచ్చారు. ఆవిడ గడప దాటగానే షేక్ లేచి నిలబడి, జరిగింది చెప్పి, క్షమించమని అడిగాడు. ఆవిడ గోడ పట్టుకుని విన్నది. ఏడవలేదు. మొగుడి దీక్ష నిలిచిందన్న మాట దగ్గర మాత్రం పెదవులు కదిలాయి. ఆ తర్వాత ఆవిడ మాట్లాడింది తమ్ముడి గురించే. వాడు పిరికివాడు, చిన్నప్పుడే అమ్మ పోతే నేనే పెంచాను, భయపడి నోటికొచ్చింది చెప్పి ఉంటాడు, ఏమీ అనకండి అని నన్ను బతిమాలింది. ఇంతకీ అలీ సబియే నుంచి వచ్చాడా అని అడిగింది. ఇంకా రాలేదన్నాను.

ఫోన్ మోగింది. రోబ్లె దగ్గరున్నది ఫ్రెంచివాళ్ళు వదిలిపోయిన పాతకాలపు ఫోన్. వెనకవైపు కొక్కేనికి, పక్కమనిషి కూడా వినడానికి, రెండో చెవిగొట్టం వేలాడుతూ ఉంటుంది. నేను ఫోన్ ఎత్తాను. అవతల ఎత్తింది మిషన్ గుమాస్తా, తన పేరు వర్సమ అని చెప్పాడు. బహ్దోన్ ఎల్మీని నిన్న శిబిరంలో చూసిన యాత్రికులు ఎవరైనా దగ్గరున్నారా అని అడిగాను.

అతను నవ్వాడు. "వాళ్ళనెందుకమ్మా, ఆయన్నే అడక్కూడదూ? ఇక్కడే ఉన్నారు, ముసలమ్మలకి మంచాలు చూపిస్తున్నారు. నేను ఆయన్ని చూడటం ఇదే మొదలు. ఇంత చిన్నవాడనుకోలేదు. ఉండండి, పిలుస్తాను."

నాయకుడు పోయాడని ఇక్కడినుంచి ఎవరూ కబురు చెయ్యలేదు. ఒకరు చేసి ఉంటారని ఇంకొకరు అనుకుని ఉంటారు, మా శాఖల సంగతి తెలిసిందే. పాస్‌పోర్టులు సంచిలో కట్టగా ఉంటాయి, ఎయిర్‌పోర్టు గుమ్మం దగ్గర తలలు లెక్కపెట్టి ముద్రలు గుద్దేస్తారు. శిబిరంలో ఒక్కపూట చూసిన నాయకుడి మొహం ఆ ముసలాళ్ళలో ఎందరికి గుర్తుంటుంది? రెండు తెల్లబట్టలు కట్టి తల మీద ఏమీ లేకుండా నిలబడితే మంత్రి ఎవడో డ్రైవరు ఎవడో గుర్తుపట్టలేం. అలా గుర్తుపట్టకూడదనే కదా అందరికీ ఒకే బట్టలు పెట్టింది.

"ఏమైంది?" అన్నాడు రోబ్లె.

రెండో గొట్టం తీసి అంబారో చేతికిచ్చాను. వినమని సైగ చేశాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ పని చెయ్యకుండా ఉండాల్సింది అనిపిస్తుంది. కానీ బహ్దోన్ గొంతు గానీ షిర్దోన్ గొంతు గానీ నేనెప్పుడూ వినలేదు. ఆ గదిలో చెప్పగలిగింది ఆవిడ ఒక్కతే.

అడుగుల చప్పుడైంది. ఎవరో ఫోన్ అందుకున్నారు.

"హలో. బహ్దోన్ ఎల్మీని మాట్లాడుతున్నాను. ఎవరు?"

హజ్ కార్యాలయం నుంచి అని చెప్పాను. ఇంకో మాట పలికించడానికి, ఇంటికి ఏమైనా కబురు చెప్పాలా అని అడిగాను.

"క్షేమంగా చేరానని చెప్పండి. నా గురించి బెంగపడొద్దని చెప్పండి."

నేను అంబారో మొహం చూస్తూ ఉన్నాను. ముందు ఆ మొహం వెలిగింది. తెలిసిన గొంతు వినగానే ఎవరికైనా కలిగే సంతోషం అది, ఆవిడ ఆపుకోలేకపోయింది. మరుక్షణం అర్థమైంది. కాలు జారడం లేదు, భయం లేదు, అలీ సబియే లేదు. బావ ఇవ్వనన్న సీటులో వాడు వెళ్ళి కూర్చున్నాడు. పోతూ పోతూ తల్లిలా పెంచిన అక్కని ఈ సెల్లోకి తోసిపోయాడు. గొట్టాన్ని నెమ్మదిగా కొక్కేనికి తగిలించింది.

నేను ఫోన్ అరచేత్తో మూసి అడిగాను. "ఎవరక్కా అది?"

"నాకు తెలీని గొంతు."

"అక్కా, నా వైపు చూసి చెప్పు."

ఆవిడ నా వైపు చూడలేదు. రోబ్లె బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"టీలో నేనే కలిపాను. రాసుకో."

నిన్న సాయంత్రం నుంచీ ఆ మాట కోసమే కాచుకున్న మనిషి కలం ముట్టుకోలేదు. కుర్చీలో వెనక్కి జరిగి నా వైపు చూశాడు. షేక్ దిరియె ముందుకొచ్చాడు. అతని తల పగిలి ఉందమ్మా, ఆ గాయం నేను కడిగాను, విషం లేదు, ఏమీ లేదు అన్నాడు.

"తల కూడా నేనే పగలగొట్టాను," అంది అంబారో. "అది కూడా రాసుకో."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేరం చేసి కాదన్నవాళ్ళనే చూశాను. వాళ్ళ నోరు తెరిపించడం నాకు వచ్చు. ఈ నోరు ఎలా ముయ్యాలో నాకు తెలియలేదు. నా చేతిలో ఫోన్ ఇంకా హలో, హలో అంటోంది. ఆవిడ ఆ చప్పుడుకి అడ్డుగా నాకూ రోబ్లెకీ మధ్య నిలబడి, బేడీలు వెయ్యమని రెండు చేతులూ చాపింది.